పెద్దాయనకి పంపిన లేహ్యం

పెద్దాయన పోయాడని నాకు ఫోన్‌లో తెలిసింది. చిన్నప్పుడు నేపర్‌విల్‌లో నాతో చదువుకున్న అమ్మాయి ఒక లింకు పంపి, కింద "ఈయన గుర్తున్నాడా?" అని రాసింది. గుర్తుండకపోవడమేమిటి. అప్పుడు నేను టెక్సాస్‌లో, ఫ్రిస్కోలోని అమ్మానాన్నల ఇంట్లోనే ఉన్నాను, వీకెండ్‌కి వచ్చి. అమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతోంది. ఫోన్ బోర్లించి టేబుల్ మీద పెట్టాను. చెప్పాల్సింది ఒక్క చావు కబురే అయితే వెంటనే చెప్పేసేదాన్ని.

పెద్దాయన మాకు చుట్టం కాదు. మేం ఆయన్ని ఎప్పుడూ చూడలేదు కూడా. రేడియోలో బేస్‌బాల్ ఆట చెప్పేవాడు. ఆయనకి ఓ పేరుంది, అందరికీ తెలిసిన పేరే. కానీ మా ఇంట్లో ఆయన పేరు పెద్దాయన. పేరు పెట్టింది అమ్మ. వయసులో పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవడం అమ్మకి చేతకాదు, ఆ మనిషి రేడియోలో ఉన్నా సరే.

నాకు ఏడేళ్లప్పుడు మేం నేపర్‌విల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి మారాం. మాకంటే ముందున్నవాళ్లు అక్కడ రెండు వస్తువులు వదిలేసి వెళ్లారు. ఒకటి స్నానాలగది కర్టెన్, దాన్ని అమ్మ మొదటి రోజే బయట పడేసింది. రెండోది ఫ్రిజ్ మీద ఉన్న రేడియో. దానికి స్టేషన్ మార్చే మీట విరిగిపోయింది. ఏ స్టేషన్ దగ్గర విరిగిందో ఆ ఒక్క స్టేషనే పలికేది. పొద్దున వాతావరణం, మొక్కజొన్న ధరలు, మధ్యాహ్నం పాత పాటలు. వసంతం మొదలు వేసవి చివరిదాకా సాయంత్రాలు బేస్‌బాల్. అదీ దగ్గర్లోని పెద్ద నగరంలో ఆడే గొప్ప జట్టు కాదు. పెద్ద జట్లలోకి వెళ్లాలని ఎదురుచూసే కుర్రాళ్లు ఆడే పక్కూరి చిన్న జట్టు.

నాన్న ఏడింటికి ట్రైన్ ఎక్కి ఆఫీస్‌కి వెళ్తే మళ్లీ సాయంత్రం ఏడింటికే ఇల్లు చేరేవాడు. అమ్మది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. కారు ఒకటే, అది స్టేషన్ పార్కింగ్‌లో ఉండేది. నేను స్కూలుకి పోతే అమ్మకి మిగిలింది ఆ రేడియో. మొదట్లో ఊరికే చప్పుడు కోసం పెట్టుకునేది. తర్వాత పెద్దాయన కోసం పెట్టుకుంది.

ఆయన ఆట కంటే ఆట చుట్టూ ఉన్నదే ఎక్కువ చెప్పేవాడు. గాలి ఎటు వీస్తోంది, మూడో వరసలో ఒకావిడ స్వెట్టర్ అల్లుతోంది, నిన్నటికీ ఇవాళ్టికీ మైదానం పక్కన మొక్కజొన్న చేను ఎంత పొడుగైంది, బంతి విసిరే కుర్రాడి వాళ్లమ్మ ఏ ఊరి నుంచి కారు నడుపుకుంటూ వచ్చింది. బంతికీ బంతికీ మధ్య కాసేపు ఊరుకునేవాడు. అప్పుడు మైదానంలో జనం సందడి, వేరుశనక్కాయలమ్మేవాడి కేక వినపడేవి. అమ్మ అనేది, ఈయన మన చేతిలో పని చూసుకుంటూ మాట్లాడతాడు అని. కూరగాయలు కడుగుతుంటే నీళ్ల చప్పుడు ఆగేదాకా ఆగినట్టే ఉండేది నిజంగా.

ఆట అర్థం కావడానికి అమ్మకి ఒక వేసవి పట్టింది. ఆటగాళ్ల ఆరోగ్యం అర్థం కావడానికి వారం చాలింది. ఎవరికి మోకాలు నొప్పి, ఎవరికి మోచేయి వాచింది, ఎవరి భార్యకి నెలలు నిండాయి, అన్నీ తెలిసేవి. ఫోన్‌లో ఇండియాకి మాట్లాడుతూ కూడా, మా ఎడమచేతి పిల్లాడికి భుజం పట్టేసిందమ్మా అని అమ్మమ్మకి చెప్పేది. అమ్మమ్మ అది ఎవరో మా చుట్టాల్లో అబ్బాయనుకుని ఆముదం రాయమనేది.

బేస్‌బాల్‌లో ఒక్కో ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్. ఇంట్లో గడియారం ఉన్నా వంట మాత్రం వాటి లెక్కన జరిగేది. రెండో ఇన్నింగ్స్‌కి కుక్కర్, నాలుగుకి కూర, ఐదుకి చారులో పోపు. ఆట సాగిన రోజు మా భోజనమూ సాగేది. నాన్న లోపలికొస్తూనే "ఎన్నో ఇన్నింగ్స్?" అని అడిగేవాడు, అంటే ఆకలేస్తోందని. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో చూసేవాళ్లందరూ లేచి నిలబడి ఒళ్లు విరుచుకోవడం ఆ ఆటలో ఆచారం. పెద్దాయన లేవండి అనగానే అమ్మ లేచేది. అన్నం తింటున్నా సరే, ఎడమచేత్తో కంచం పట్టుకుని లేచేది. మొదటి ఏడాది నాన్న నవ్వాడు. రెండో ఏడాదికి ఆయనా లేవడం మొదలుపెట్టాడు.

నాకు మాత్రం ఒళ్లు మండేది. నా ఫ్రెండ్స్ ఇళ్లలో పాటలొచ్చే స్టేషన్లు వినేవాళ్లు. ఒకరోజు అమ్మ కింద లాండ్రీ గదికి వెళ్లినప్పుడు పటకారుతో ఆ విరిగిన మీట తిప్పబోయాను. కొంచెం కదిలింది, రేడియో గరగరమంది. అమ్మ వచ్చేసరికి అటూ ఇటూ కాకుండా రెండు స్టేషన్లు కలిసి వస్తున్నాయి.  తడి బట్టలు పక్కన పెట్టి, కుర్చీ వేసుకుని, అదే పటకారుతో గంటసేపు తంటాలు పడి పెద్దాయన్ని వెనక్కి తెచ్చుకుంది. తర్వాత రెండు రోజులు నాతో అవసరమైనంతే మాట్లాడింది.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, అమ్మ ఇంగ్లీషు అంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. చదవడం రాయడం డిగ్రీ నుంచే వచ్చు. మాట్లాడటం మాత్రం ఆయనదే. ఒకసారి స్కూల్లో మా టీచర్ లెక్కల్లో నా సంగతి చెబుతుంటే అమ్మ తలూపి, ఇది బంతి రాకముందే బ్యాట్ ఊపేస్తుందండీ అని ఇంగ్లీషులో అంది, అచ్చం పెద్దాయన సాగదీతతో. టీచర్ పెన్ను పక్కన పెట్టేసి నవ్వింది. ఆవిడ కూడా చిన్నప్పటి నుంచీ ఆయన గొంతు వింటూ పెరిగిందట. ఇద్దరూ పావుగంట ఆయన గురించే మాట్లాడుకున్నారు. అమ్మ అంత ఆనందంగా ఇంగ్లీషు మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం. నేను కుర్చీలోంచి కిందికి జారిపోయాను. ఆ ఊళ్లో అందరూ ఆయన్ని వింటారని నాకు ఆ రోజే తెలిసింది. ఆ సంగతి తర్వాత నా బుర్రలో బాగా పనిచేసింది.

నాకు పదకొండేళ్ల వేసవిలో, సెలవుల మధ్యలో, పెద్దాయన గొంతు జీరపోవడం మొదలైంది. మొదట అమ్మే కనిపెట్టింది. "ఐదో ఇన్నింగ్స్ దాటాక మింగలేకపోతున్నాడు పాపం" అనేది. వారం తర్వాత ఒకరోజు రేడియో పెడితే వేరే ఎవరో కుర్రాడు మాట్లాడుతున్నాడు. పెద్దాయన గొంతు దెబ్బతింది, డాక్టర్లు మాట్లాడొద్దన్నారు, ఈ సీజన్‌లో మళ్లీ వస్తారో రారో తెలియదు అని చెప్పాడు. ఆ కుర్రాడు ఊపిరి తీసుకోకుండా అంకెలు చదివేవాడు. అమ్మ రేడియో కట్టేసింది. ఆ రాత్రి కూరలో ఉప్పు లేదు, చారులో రెండుసార్లు పడింది. నాన్న వంక పెట్టకుండా తిన్నాడు.

మా తాతయ్య బడిపంతులు. అరవై మంది పిల్లలకి ఎదురుగా నిలబడి జీవితమంతా అరిచిన మనిషి. ఆయన గొంతు కోసం అమ్మమ్మ ఒక లేహ్యం చేసేదట. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, అతిమధురం దంచి, తాటిబెల్లం పాకంలో వేసి, నెయ్యి తేలేదాకా తిప్పి, చల్లారాక తేనె కలపాలి. గొంతుతో బతికేవాళ్ల మందు అనేది అమ్మ. ఆ ఆదివారమంతా అది చేసింది. షామ్‌బర్గ్‌లో ఇండియన్ షాపులు రెండు తిరిగితే అతిమధురం దొరికింది, నాన్నే తిప్పాడు. శొంఠి వేయించే పొగకి స్మోక్ అలారం మోగింది. కింద ఇంట్లో ఉండే వరంగల్ ఆంటీ పరుగెత్తుకుంటూ పైకొచ్చింది.

"గిదేం ఘాటు అక్కా? బిల్డింగంతా దగ్గుతున్నది" అంది.

సంగతి విని ఆంటీ నవ్వలేదు. కూర్చుని దంచడానికి సాయం పట్టింది.

లేహ్యం కాఫీ పొడి సీసాలోకి ఎత్తి, మూతకి పైనుంచి గుడ్డ కట్టి, ఇండియా నుంచి సామాను చుట్టుకొచ్చిన తెలుగు పేపర్లో చుట్టి, నా చెప్పుల పెట్టెలో పెట్టింది. ఉత్తరం నన్ను రాయమంది. ఆయనలాంటి మనిషికి తప్పుల్లేకుండా రాయాలి, నీది ఇక్కడి ఇంగ్లీషు అంది. అమ్మ చెబుతుంటే పేజీన్నర రాశాను. పొద్దున్నే పరగడుపున ఉసిరికాయంత తినాలి, అరగంట దాకా మంచినీళ్లు తాగకూడదు, ఐస్ ఉన్నవేవీ ముట్టకూడదు, మాట్లాడకుండా కూర్చోవాలి. అమ్మ చదివి చూసుకుని కింద సంతకం పెట్టింది.

పోస్టాఫీసు లైబ్రరీ పక్కనే. నేను వేసవిలో రోజూ లైబ్రరీకి నడిచి వెళ్లేదాన్ని. సోమవారం పొద్దున పెట్టె నా చేతికిచ్చి, కౌంటర్ దగ్గర ఇవ్వు, బయట పోస్టు డబ్బాలో పడేయకు అని రెండుసార్లు చెప్పింది.

సగం దూరం వెళ్లేసరికి పెట్టె అడుగున నెయ్యి మరక తేలింది. లైబ్రరీ మెట్ల మీద మా క్లాసువాళ్లు ముగ్గురు కూర్చుని ఉన్నారు. అందులో ఒకమ్మాయి ముక్కు మూసుకుని, అందులో ఏం చచ్చిందని అడిగింది. మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు అప్పుడు ఒక్కటే భయం. పెద్దాయన మధ్యమధ్యలో వినేవాళ్ల ఉత్తరాలు పేర్లతో సహా చదివేవాడు. మా ఇంటిపేరు ఆయన నోట్లో పడి ముక్కలవుతుంది. ఫలానావాళ్లు వాసనొచ్చే నల్ల ముద్ద ఒకటి పంపారని ఊరంతా వింటుంది. ఈ ముగ్గురి ఇళ్లలో వింటారు. మా టీచర్ వింటుంది. నేను పోస్టాఫీసు వైపు కాకుండా లైబ్రరీ వెనక్కి వెళ్లాను. అక్కడ పెద్ద చెత్త డబ్బా ఉంది. మూత బరువుగా ఉంటే భుజంతో ఎత్తి పెట్టె అందులో వేశాను, ఉత్తరంతో సహా. లోపల ఎక్కడో దబ్బుమంది.

ఇంటికొచ్చాక అమ్మ ఇచ్చావా అంది. ఇచ్చానన్నాను.

మూడు వారాల తర్వాత పెద్దాయన తిరిగొచ్చాడు. గొంతు ఇంకా కొంచెం బొంగురుగానే ఉంది కానీ ఆయనే. కార్డులు పంపినవాళ్లకి, సూపులు పంపినవాళ్లకి, రకరకాల వైద్యాలు చెప్పినవాళ్లకి, పేరుపేరునా చెప్పలేను గానీ అందరికీ నా నమస్కారం అన్నాడు. అమ్మ గరిట పట్టుకుని రేడియో ముందే నిలబడింది.

"వైద్యాలు అన్నాడు, విన్నావా?" అంది నాతో. కళ్లలో నీళ్లున్నాయి.

విన్నానన్నాను. ఆ క్షణంలో చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఇంక ఆ తర్వాత ప్రతిరోజూ చెప్పడం ముందురోజు కంటే కష్టమవుతూ వచ్చింది. ఎందుకంటే అమ్మ ఆ కథ అందరికీ చెప్పింది. మా పెద్దాయనకి లేహ్యం పంపాను, మూడు వారాల్లో లేచి కూర్చున్నాడు అని. వరంగల్ ఆంటీ దానికి నాలుగు మాటలు కలిపి ఇంకో పది ఇళ్లలో చెప్పింది. ముందు సంగీతం నేర్పే ఆవిడొకరు సీసా అడిగింది. తర్వాత ఆఫీసులో పొద్దస్తమానం ఫోన్లు మాట్లాడే అంకుల్, ఆ తర్వాత గుళ్లో పంతులుగారు. ఆ శీతాకాలం అమ్మ లేహ్యం నాలుగైదుసార్లు చేసింది. నాకు తెలిసి ఈ దేశం వచ్చాక అమ్మని ఒక పనికోసం నలుగురు వెతుక్కుంటూ రావడం అదే మొదలు. తలుపు తీసేటప్పుడు అమ్మ నడక కూడా మారింది. అదంతా నేను చెత్త డబ్బాలో వేసిన సీసా మీద నిలబడి ఉందని నాకొక్కదానికే తెలుసు.

మరుసటి ఏడు మంచు కరిగి ఆటలు మొదలవగానే అమ్మ మళ్లీ లేహ్యం చేసింది. పోయినేడు లాగా గొంతు పోయాక కాదు, ముందే పంపాలంది. ఈసారి నెయ్యి కారకుండా రెండు కవర్లు చుట్టింది. పెట్టె మీద మా అడ్రసు తనే పెద్ద అక్షరాలతో రాసింది. ఉత్తరం మళ్లీ నేనే. ఎలా తినాలో పోయినేడే రాశాం కదా, అది మళ్లీ అక్కర్లేదు, పోయినసారి లాగే తినమను, ఈసారి తేనె కాస్త ఎక్కువేశానని చెప్పు అంది.

నేను ఆ మాటలు రాస్తే ఆయనకి ఏమీ అర్థం కాదు. పోయినసారి అన్నదే లేదు కదా. ఎలా తినాలో వివరంగా రాస్తే, అమ్మ చదివి ఎందుకు రాశావంటుంది. అందుకని మా అమ్మ మీ గొంతు కోసం ఇది చేసింది, మీరు క్షేమంగా ఉండాలని కోరుకుంటోంది అని రెండే ముక్కలు రాసి, అమ్మ పెట్టెకి టేపు వేస్తుండగా కవరు అంటించేశాను. చదువుతానంటే అయిపోయిందన్నాను. ఈసారి మాత్రం పెట్టె నిజంగా పోస్టు చేశాను. కౌంటర్ దగ్గర ఇచ్చి, లోపలికి తీసుకెళ్లేదాకా నిలబడ్డాను. లెక్క సరిపోయిందనుకున్నాను.

స్కూలు సెలవులిచ్చిన వారంలో కార్డు వచ్చింది. మా అపార్ట్‌మెంట్ పోస్టు డబ్బాలన్నీ గేటు దగ్గర ఒకేచోట ఉండేవి, తాళంచెవి నా మెళ్లో ఉండేది. ముందువైపు ఆ చిన్న మైదానం బొమ్మ. వెనకవైపు నీలం ఇంకుతో, కొంచెం వణికే రాత. అక్కడే పేవ్‌మెంట్ అంచున కూర్చుని చదివాను. అందులో ఉన్నది తెలుగులో చెప్పాలంటే ఇది:

"అమ్మా, మీ సీసా అందింది. ఇన్నేళ్లలో నాకు టోపీలు పంపారు, తీపి వంటకాలు పంపారు, అల్లిన మేజోళ్లు పంపారు. మందు చేసి పంపింది మీరొక్కరే. పోయిన వేసవిలో నా గొంతు మూగబోయినప్పుడు ఇది నా దగ్గర ఉండాల్సింది. ఒక్క సందేహం. దీన్ని తినాలా, ఛాతీకి రాసుకోవాలా? నేను తినాలంటాను, నా భార్య రాసుకోవాలంటుంది. మీరు చెప్పేదాకా కిటికీలో పెట్టి ఉంచుతాం."

అమ్మ జీవితంలో అంతకంటే కోరుకున్న ఉత్తరం ఇంకొకటి లేదు. అది నా చేతిలో ఉంది. ఇస్తే పోయినేడు సీసా అందలేదని తెలిసిపోతుంది. నా అబద్ధం బయటపడటం ఒకటి. అమ్మ ఇంతమందికి చెప్పుకున్న కథ ఉత్తిదైపోవడం ఇంకొకటి. నాకు పన్నెండేళ్లు. నేను భయపడింది మొదటిదానికే. రెండోది అమ్మ కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. కార్డు చొక్కా లోపల పెట్టుకుని ఇంటికెళ్లి, బోర్డ్ గేమ్ పెట్టె అడుగున దాచాను.

జవాబైనా నేనే రాసి పంపొచ్చు. తినేది అని ఒక్క మాట. అది తట్టలేదని చెప్పను. తట్టింది. ఇవాళ రేపు అనుకుంటూ వదిలేశాను.

ఆ వేసవి చివర్లో ఒక సాయంత్రం వాన వల్ల ఆట ఆగింది. అలాంటప్పుడు పెద్దాయన ఊరికే కబుర్లు చెప్పేవాడు. నేను కంచాలు పెడుతున్నాను, అమ్మ అప్పడాలు వేయిస్తోంది. ఆయన అన్నాడు, ఒక శ్రోత నాకో కానుక పంపింది, నేను ఆవిణ్ణి ఒక ప్రశ్న అడిగాను, ఇంకా జవాబు రాలేదు, అమ్మా, మీరు వింటుంటే, నేను ఇంకా కాచుకునే ఉన్నాను అని.

నా చేతిలో కంచం ఆగిపోయింది. అమ్మ అప్పడం తిరగేసింది.

"ఎవరో గానీ మర్యాద తెలియని మనిషి. అంతటివాడు నోరు తెరిచి అడిగితే జవాబివ్వకుండా ఎలా ఉంటారే?" అంది.

నేను మంచినీళ్లు పోశాను.

ఆ నెలాఖరుకి నాన్న ఉద్యోగం టెక్సాస్‌కి మారింది, మేం ఫ్రిస్కో వచ్చేశాం. కొత్త ఇల్లు, పెద్ద వంటిల్లు. రేడియో కూడా తెచ్చుకుంది అమ్మ. ఇక్కడ ఆ స్టేషన్ అంకె దగ్గర స్పానిష్ పాటలొచ్చేవి. కొన్నాళ్లు అవే విన్నది. తర్వాత అమ్మ కారు నేర్చుకుంది, వర్క్ పర్మిట్ వచ్చాక స్కూల్లో చిన్న ఉద్యోగంలో చేరింది, వంట గడియారం ప్రకారం చేయడం మొదలుపెట్టింది. పెద్దాయన మాటల్లోకే వచ్చేవాడు. ఇంటికి ఎవరైనా గొంతు నొప్పి అంటూ వస్తే ఆ కథ మళ్లీ మొదటి నుంచీ చెప్పేది. నేను అప్పుడు ఏదో పని కల్పించుకుని పై గదిలోకి వెళ్లేదాన్ని.

అలా ఇన్నేళ్లు గడిచాయి. ఇప్పుడు ఆయన పోయాడు.

పైకి వెళ్లి, నా పాత అలమరాలో బోర్డ్ గేమ్ పెట్టె దింపి, కార్డు తీసుకుని కిందికొచ్చాను. పెద్దాయన పోయారమ్మా అని చెప్పాను. అమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. "ఎప్పుడు?" అంది. చెప్పాను.  అప్పుడు కార్డు ఇచ్చాను.

చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది. నేను నిలబడే అంతా చెప్పాను. లైబ్రరీ మెట్లు, చెత్త డబ్బా, రెండు ముక్కల ఉత్తరం, పోస్టు డబ్బా. అమ్మ మధ్యలో అడ్డు రాలేదు. 

"వానొచ్చిన రోజు రేడియోలో అడిగాడు చూడు," అంది చివరికి. "అది నన్నేనా?"

"నిన్నేనమ్మా."

"మర్యాద తెలియని మనిషి అన్నాను."

అంత చిన్న సంగతి అమ్మకి ఇన్నేళ్లు గుర్తుంటుందని నేననుకోలేదు. సారీ చెప్పాను. అప్పుడు నాకు పన్నెండేళ్లమ్మా అన్నాను.

"నిజమే. పన్నెండేళ్లే. మరి తర్వాత?"



అమ్మ కార్డు మడవకుండా జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టింది. "మందు పారేసినందుకు నాకేం లేదే. మళ్లీ చేసుకోవచ్చు. నువ్వు చిన్నదానివి, సిగ్గుపడ్డావు. ఆయన అడిగాడు కదా. కిటికీలో పెట్టుకుని కూర్చుంటానన్నాడు. ఎన్నాళ్లు పెట్టుకున్నాడో" అంది. గొంతు పెంచలేదు. వంకాయ ముక్కలు గిన్నెలో నల్లబడిపోయాయి, ఆ రోజు కూర నాన్నే చేశాడు.

సాయంత్రం అమ్మ నా దగ్గరికొచ్చి, ఆ లింకులో ఆయన భార్య సంగతి ఏమైనా ఉందా అని అడిగింది. ఉంది. అదే ఊళ్లో ఉంటోందని ఉంది. అమ్మ తలూపి వెళ్లిపోయింది. మర్నాడు ఇల్లంతా శొంఠి ఘాటు. తేనె కలిపి, సీసాకెత్తి, ఉత్తరం రాయడానికి కూర్చుంది. ఈసారి నన్ను పిలవలేదు. రెండు కాగితాలు చింపి మూడోదాని మీద రాసింది. టేబుల్ మీద ఆరబెట్టినప్పుడు చదివాను. జవాబు ఇవ్వడం చాలా ఆలస్యమైంది, తప్పు నాది, మన్నించండి. ఇది తినేదే. మీ ఆయన చెప్పిందే సరైనది. పొద్దున్నే పరగడుపున ఉసిరికాయంత. ఉత్త చేతులతో జవాబు పంపకూడదు కాబట్టి మీకోసం ఒక సీసా పంపుతున్నాను. ఎందుకు ఆలస్యమైందో రాయలేదు. నా పేరు ఎక్కడా లేదు.

సోమవారం నా ఫ్లైట్ మధ్యాహ్నానికి. పోస్టాఫీసు ఎయిర్‌పోర్ట్ దారిలోనే ఉంది. నేను డ్రైవ్ చేస్తానంటే వద్దంది. తనే నడిపింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను, పెట్టె వెనక సీట్లో బెల్టు పెట్టుకుని ఉంది. పోస్టాఫీసు ముందు కారు ఆపాక, నేను ఇచ్చొస్తానమ్మా అని తలుపు తెరవబోయాను.

"నువ్వు కూర్చో" అంది మామూలుగా.

దిగి, వెనక తలుపు తీసి, బెల్టు విప్పి, పెట్టె రెండు చేతులతో పట్టుకుంది. లోపల క్యూ పొడుగ్గా ఉంది. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది, అమ్మ పెట్టె ఎక్కడా కింద పెట్టకుండా ఒక్కో అడుగూ ముందుకు జరగడం. కౌంటర్ మనిషి దాన్ని లోపలికి తీసుకెళ్లేదాకా అక్కడే నిలబడింది. నాకు ఇప్పుడు ముప్ఫై దాటాయి, బ్యాంకులో నలుగురి సంతకాలకి నేను పూచీ పడే ఉద్యోగం. అయినా ఆ పెట్టె మాత్రం అమ్మ నా చేతికివ్వలేదు.